ఇంటికి దూరంగా ద్నిప్రో

2015 మే 27, వార్సా నేషనల్ స్టేడియం. యూరోపా లీగ్ ఫైనల్ ముగియడానికి ఇంకా రెండు మూడు నిమిషాలుందనగా మాతెయూస్ కుప్పకూలాడు. బ్రెజిల్ నుంచి వచ్చి ఉక్రెయిన్ క్లబ్బు ద్నిప్రోకు ఆడుతున్న ఆటగాడు. దగ్గర్లో బంతి లేదు, ఎవరూ కాలు అడ్డం పెట్టలేదు. ఉన్నపళాన పచ్చిక మీద ఒరిగిపోయాడు. ఎదుటి జట్టు ఆటగాళ్ళు కూడా కంగారుగా చేతులూపుతూ వైద్యుల్ని పిలిచారు. స్ట్రెచర్ మీద మోసుకుపోయారు. ద్నిప్రో అప్పటికే మూడు మార్పులూ వాడేసుకుంది, అతని బదులు దింపడానికి ఎవరూ లేరు. 3-2తో వెనకబడి ఉన్న జట్టు మిగిలిన ఆ కాసిన్ని నిమిషాలూ పదిమందితో పరుగెత్తింది. విజిల్ మోగింది. కప్పు స్పెయిన్‌కి, సెవిల్లాకి పోయింది.

మాతెయూస్ ఆసుపత్రిలో తేరుకున్నాడు. జట్టు తేరుకోలేదు. నాలుగేళ్ళు తిరిగేసరికి ద్నిప్రో అనే క్లబ్బు లేకుండా పోయింది. యూరప్ కప్పు ఫైనల్లో ఆడిన జట్టు అంత తొందరగా, అంత నిశ్శబ్దంగా మాయమవడం నేనెరిగినంతలో మరొకటి లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు మనవాళ్ళు. ద్నిప్రో కథలో చిక్కంతా ఆ మొదటి మాట దగ్గరే ఉంది. యూరప్‌లో దానికి దశ తిరిగిన రెండుసార్లూ సొంత ఊళ్ళో ఆడే భాగ్యం దానికి లేకపోయింది.

మొదటిసారి అడ్డుపడినవి రాకెట్లు. జట్టు సొంత ఊరు ద్నిప్రోపెత్రోవ్‌స్క్ అంటే యుజ్మాష్. సోవియట్ దేశం ఖండాంతర క్షిపణుల్ని తయారుచేసుకున్న మహా కర్మాగారం అది. అందుకని 1959 నుంచి 1987 దాకా ఆ ఊళ్ళోకి విదేశీయులు అడుగుపెట్టడానికి లేదు. జట్టును పోషించిందీ యుజ్మాషే, మెత్యోర్ స్టేడియం కట్టించిందీ యుజ్మాషే. 1983లో ఆ మెత్యోర్‌లోనే, ఆఖరి ఆటలో మాస్కో స్పార్తాక్‌ను 4-2తో ఓడించి ద్నిప్రో సోవియట్ ఛాంపియన్ అయింది. దాదాపుగా రాజధానుల జట్లే తమలో తాము పంచుకునే పీఠం మీదికి రాకెట్ కార్మికుల జట్టు ఎక్కి కూర్చుంది. ప్రొతాసోవ్, లితొవ్‌చెంకో అనే ఇద్దరు కుర్రాళ్ళ పేర్లు దేశమంతా మోగాయి. 1985లో ప్రొతాసోవ్ ఒక్క లీగ్ సీజన్లోనే 35 గోల్స్ కొట్టాడు.

ఛాంపియన్ కనుక 1984-85లో యూరోపియన్ కప్ ఆడాలి. ఆడాలంటే తుర్కులు రావాలి, బల్గేరియన్లు రావాలి, ఫ్రెంచివాళ్ళు రావాలి. వాళ్ళను క్షిపణుల ఊళ్ళోకి ఎవరు రానిస్తారు? ఆటల్ని నూట యాభై కిలోమీటర్ల దూరంలోని ఇనుప గనుల పట్టణం క్రివీ రీహ్‌కు మార్చారు. సొంత ఊరి అభిమాని తన జట్టును చూడాలంటే ఊరు దాటాలి. ట్రాబ్జాన్‌స్పోర్‌ను, సోఫియా లెవ్‌స్కీని దాటుకుని క్వార్టర్‌ఫైనల్ దాకా వచ్చారు. అక్కడ బోర్దో ఎదురైంది. అప్పటికి ఏడాది కూడా కాలేదు, ఫ్రాన్స్‌ను యూరప్ విజేతను చేసిన జిరెస్, తిగానా ఆ జట్టులో ఉన్నారు. ఫ్రాన్స్‌లో 1-1, క్రివీ రీహ్‌లో 1-1. పెనాల్టీల్లో ద్నిప్రో ఓడింది. ఆ రాత్రి మెత్యోర్‌లో, సొంత జనం మధ్య జరిగుంటే ఏమయ్యేదో అని అడగడం దండగే అయినా, ఆ ఊళ్ళో ఒక తరమంతా తనను తాను అడిగే ఉంటుంది.

1988లో కుచెరెవ్‌స్కీ శిక్షణలో మళ్ళీ ఛాంపియన్. ఈసారి ఊరి తలుపులు తెరుచుకున్నాయి, యూరోపియన్ కప్ నిజంగానే ద్నిప్రోపెత్రోవ్‌స్క్‌కు వచ్చింది. కానీ ప్రొతాసోవ్, లితొవ్‌చెంకో అప్పటికే కీవ్ డైనమోకు వెళ్ళిపోయారు. 1990 మార్చిలో క్వార్టర్‌ఫైనల్లో బెన్‌ఫికా వచ్చి వాళ్ళ ఇంట్లోనే 3-0తో కొట్టి పోయింది. రెండేళ్ళు తిరక్కుండానే సోవియట్ దేశమే లేదు.

తర్వాతి ఇరవై ఏళ్ళ యూరప్ రికార్డును ఒక్క ఊపిరిలో చెప్పేయొచ్చు. వెళ్ళారు, ఒకటి రెండు రౌండ్లు ఆడారు, తిరిగొచ్చారు. 2008లో బెలింజోనా అనే స్విట్జర్లాండ్ చిన్న జట్టు చేతిలో, 2010లో పోలండ్ లెఖ్ పోజ్నాన్ చేతిలో పరువు పోగొట్టుకున్నారు. మధ్యలో ఊరికి మంచి స్టేడియం మాత్రం వచ్చింది. 31 వేలమంది పట్టే ద్నిప్రో అరేనా 2008లో తెరిచారు.

డబ్బు ఎక్కడిదంటే ఈహోర్ కొలొమోయ్‌స్కీది. ఉక్రెయిన్‌లో అతిపెద్ద బ్యాంకు ప్రివాత్‌బ్యాంక్‌కు అప్పటి అధినేతల్లో ఒకడు. ఆ దేశంలో ఫుట్‌బాల్ నడిచే పద్ధతే అది. దొనెత్స్క్ జట్టు షఖ్తార్‌కు యజమాని అఖ్మేతోవ్ ఉన్నట్టు, ద్నిప్రోకు కొలొమోయ్‌స్కీ. టిక్కెట్లతో, చొక్కాల అమ్మకంతో జట్టు బతకదు, యజమాని జేబుతో బతుకుతుంది. మా ఊళ్ళో పాతకాలం నాటకాల కంపెనీలు గుర్తొస్తాయి నాకు. జమీందారు మనసు ఇటు ఉన్నన్నాళ్ళూ రంగురంగుల తెరలు, పెట్రోమాక్స్ దీపాలు. మనసు మళ్ళిన మర్నాడు హార్మోనియం కూడా తాకట్టులో ఉంటుంది.

ఆ జేబు బరువుగా ఉన్న రోజుల్లో స్పెయిన్ నుంచి హ్వాండే రామోస్‌ను కోచ్‌గా తెచ్చారు. ఎడమ పక్క నుంచి దూసుకొచ్చే కొనొప్ల్యాంకా, మధ్యలో కాప్టెన్ రొతాన్, ముందు క్రొయేషియా కాలినిచ్. 2012-13 యూరోపా లీగ్ గ్రూపులో నాపోలీని, పీఎస్‌వీని వెనక్కి నెట్టి మొదటి స్థానంలో నిలిచారు. 2013-14లో దేశంలో రెండో స్థానం. అంతా సర్దుకుంటోందనుకునే వేళకు, 2014 వసంతంలో తూర్పున యుద్ధం మొదలైంది.

రామోస్ వెళ్ళిపోయాడు. అతని చోటికి మిరోన్ మార్కెవిచ్ వచ్చాడు. ఖార్కివ్‌లో మెతాలిస్ట్ జట్టును ఏళ్ళ తరబడి కూడగట్టి, యజమాని మారాక విసిగి వదిలేసి వచ్చిన పెద్దమనిషి. (ఆ మెతాలిస్ట్ కూడా 2016లో మూతపడింది. పాపం, మార్కెవిచ్ కట్టిన రెండు ఇళ్ళూ కూలిపోయాయి.) యుద్ధం నడుస్తున్న దొనెత్స్క్ ద్నిప్రోపెత్రోవ్‌స్క్‌కు రెండొందల యాభై కిలోమీటర్లే. ద్నిప్రోపెత్రోవ్‌స్క్ ఆసుపత్రులకు గాయపడ్డ సైనికులు వస్తున్నారు. ఆ ప్రాంతానికి గవర్నర్‌గా సాక్షాత్తూ కొలొమోయ్‌స్కీనే నియమించారు, స్వచ్ఛంద బెటాలియన్లకు అతని డబ్బే ఆసరా. అలాంటి ఊళ్ళో యూరప్ ఆటలు కుదరవని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూయెఫా చెప్పేసింది. కొత్త స్టేడియానికి తాళం. హోమ్ మ్యాచ్ అంటే కీవ్, నాలుగొందల కిలోమీటర్ల పైమాటే.

మొదటిసారి ఊరు రహస్యమని ఆడనివ్వలేదు. రెండోసారి ఊరు ప్రమాదమని ఆడనివ్వలేదు.

అప్పుడు మొదలైంది అసలు ప్రయాణం, అదీ కుంటుకుంటూ. ఛాంపియన్స్ లీగ్ అర్హత పోటీలో కోపెన్‌హాగెన్ చేతిలో ఓడి యూరోపా లీగ్‌లోకి జారారు. గ్రూపులో మొదటి మూడాటల్లో వచ్చింది ఒకే పాయింటు, గోల్ ఒక్కటీ లేదు. చివరి రోజు సెంటెటియన్‌ను 1-0తో గెలిచి ఏడు పాయింట్లకు చేరారు. అదే రాత్రి అజర్‌బైజాన్‌లో కరబాగ్ ఇంటర్ మీద ఆఖరి క్షణాల్లో బంతిని గోల్లో వేసింది. ఆఫ్‌సైడ్ జెండా లేచింది. లేవకూడని జెండా అది. కరబాగ్ ఆరు పాయింట్ల దగ్గరే ఆగిపోయింది, ద్నిప్రో ముందుకెళ్ళింది.

నాకౌట్లలో మాత్రం జట్టు తీరే మారిపోయింది. ఒలింపియాకోస్‌ను పంపేశారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయాక్స్ చేతిలో 2-1తో ఓడి కూడా, రెండు ఆటల మొత్తం సమమవగా, పరాయి మైదానంలో కొట్టిన గోల్‌కు విలువెక్కువనే అప్పటి నియమం వల్ల, అదనపు సమయంలో కొనొప్ల్యాంకా కొట్టిన ఆ ఒక్క గోల్‌తో గట్టెక్కారు. బ్రూజ్ మీద రెండు ఆటల్లో కలిపి ఒకే ఒక్క గోల్, షాఖోవ్‌ది. అందమైన ఆటేమీ కాదు. గోల్ ముందు గుంపుగా నిలబడి, దెబ్బలు కాచుకుని, దొరికిన ఒక్క సందులో దూరిపోయే ఆట. ముచ్చటపడి చూడాల్సింది లేదు, కానీ చూపు తిప్పుకోనిచ్చేది కాదు.

సెమీఫైనల్ నాపోలీతో. నేపుల్స్‌లో సెలెజ్న్యోవ్ కొట్టిన గోల్ 1-1 చేసింది. అది ఆఫ్‌సైడ్, రీప్లేలో చిన్నపిల్లాడికైనా కనిపిస్తుంది. నాపోలీ వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. కానీ కీవ్‌లో మే 14న జరిగినదానికి వంక పెట్టడానికి లేదు. అరవై వేల పైచిలుకు జనం. 58వ నిమిషంలో కొనొప్ల్యాంకా ఎడమవైపు నుంచి వేసిన బంతికి సెలెజ్న్యోవ్ తల ఆనించాడు. 1-0. ఆఖరి విజిల్‌తో జనం కంచెలు దాటి పచ్చిక మీదికి వరదలా వచ్చారు. యుద్ధం ఏడాది దాటిన దేశం అది. అన్ని ఊళ్ళ వాళ్ళూ ఆ రాత్రికి ద్నిప్రో వాళ్ళయ్యారు. ఒక్క ద్నిప్రోపెత్రోవ్‌స్క్ స్టేడియంలోనే చీకటి.

ఇక వార్సా. ఏడో నిమిషంలో మాతెయూస్ అందించిన బంతిని కాలినిచ్ తలతో లోపలికి పంపాడు. ముందున్నది ద్నిప్రో! ఆ ఆనందం ఇరవై నిమిషాలు నిలిచింది. 28లో క్రిఖోవియాక్, పోలండ్ వాడు, పోలండ్ రాజధానిలో సమం చేశాడు. 31లో బక్కా. ఇక అయిపోయిందనుకుంటే, విరామానికి నిమిషం ముందు రొతాన్ ఫ్రీకిక్ దగ్గర నిలబడ్డాడు. గోడ దాటించి, గోల్‌కీపర్ చేతికందని మూలలోకి. 2-2. అప్పుడతను చేతులు చాచి పరిగెత్తడం చూస్తే, ఈ మనిషికి ముందేం రాసిపెట్టి ఉందో ఎవరైనా చెప్పి ఆపితే బావుండుననిపిస్తుంది. 73లో బక్కా మళ్ళీ. అంతే.

ఆ ఏడాది నుంచే యూరోపా లీగ్ గెలిచినవాళ్ళకు ఛాంపియన్స్ లీగ్ సీటు ఇవ్వడం మొదలుపెట్టారు. అంటే ఆ ఒక్క గోల్ తేడాకు కప్పే కాదు, మరుసటి ఏడాది జీతాలూ పోయాయి.

ఎందుకంటే జేబు అప్పటికే ఖాళీ అవుతోంది, లేదా మూసుకుంటోంది. కొలొమోయ్‌స్కీ మార్చిలోనే గవర్నర్ పదవి నుంచి దిగిపోయాడు. ప్రివాత్‌బ్యాంక్‌ను మరుసటి ఏడాది డిసెంబరులో ప్రభుత్వం స్వాధీనం చేసుకోబోతోంది. జట్టు ఒక్కొక్కరుగా చెదిరింది. ఒప్పందం ముగిసిన కొనొప్ల్యాంకా పైసా రాకుండా వెళ్ళిపోయాడు, ఎక్కడికనుకున్నారు? సెవిల్లాకే. ఆ ఆగస్టులో త్బిలిసిలో బార్సెలోనాతో జరిగిన సూపర్ కప్‌లో, సెవిల్లా చొక్కాలో 4-4 చేసిన గోల్ అతనిదే. కాలినిచ్ ఫియొరెంటీనాకు, గోల్‌కీపర్ బోయ్కో బెషిక్‌తాష్‌కు. ఎవర్నీ తప్పుపట్టలేం. జీతం రాని చోట ఎంతకాలమని ఉంటారు?

అలా మిగిలిన వాళ్ళతోనే మార్కెవిచ్ 2015-16లో దేశంలో మూడో స్థానం తెచ్చాడంటే అది నాకు ఫైనల్ కంటే పెద్ద విషయంగా తోస్తుంది. మూడో స్థానమంటే మళ్ళీ యూరప్. కానీ యూయెఫా అప్పటికే తలుపు మూసింది, బకాయిలు తీర్చనందుకు నిషేధం. కొత్త ఆటగాళ్ళను కొనడానికి లేదు. మార్కెవిచ్ సెలవు తీసుకున్నాడు. 2016-17లో అకాడమీ పిల్లల్ని దింపారు. మీసాలు కూడా సరిగా రాని కుర్రాళ్ళు ఆదివారం చెమటోడ్చి పాయింట్లు తెస్తే, రామోస్ సహాయకులకు ఎగ్గొట్టిన బాకీల వంటి వాటి కింద ఫీఫా వాటిని కోసేసేది. తాతల అప్పుకు మనవలు కూలికెళ్ళినట్టు. యుద్ధం వల్ల పోయిందంటారు చాలామంది. నేనొప్పుకోను. అదే యుద్ధంలో ఊరు పూర్తిగా పోగొట్టుకున్న షఖ్తార్ ఇప్పటికీ ఆడుతోంది. ద్నిప్రోను చంపింది చెల్లించని జీతం చీటీలు.

ఆ సీజన్ చివర పదకొండో స్థానం. కిందికి దిగాలి, ఒక మెట్టు కాదు, రెండు మెట్లు, మూడో అంచెకు. 2018లో అక్కణ్ణుంచీ తోసి అమెచ్యూర్ల మధ్య పడేశారు. 2019కి అదీ లేదు.

ఈలోగా ఊరి పేరు మారింది. 2016 మేలో సోవియట్ నాయకుడు పెత్రోవ్‌స్కీ పేరు తీసేసి, ఊరిని నది పేరుతో ద్నిప్రో అన్నారు. ఊరూ జట్టూ మొదటిసారి ఒకే పేరుతో ఉన్నాయి. ఊరికి ఆ పేరు అలవాటయ్యేలోపే జట్టు లేకుండా పోయింది.

ఖాళీ అయిన అరేనాలోకి ద్నిప్రో-1 అనే కొత్త క్లబ్బు వచ్చింది. స్వచ్ఛంద బెటాలియన్ పేరు పెట్టుకున్న జట్టు అది, కాగితాల ప్రకారం పాతదానికి వారసురాలు కాదు. అయినా ఊరు ఏదో ఒకదాన్ని పట్టుకోవాలి కదా. 2019లో పెద్ద లీగ్‌కు ఎక్కింది, 2022-23లో దేశంలో రెండో స్థానానికి వచ్చింది. యూరప్‌లోనూ ఆడింది. అప్పటికి ఊరి మీదే క్షిపణులు పడుతున్నాయి. కాబట్టి హోమ్ మ్యాచ్‌లు స్లొవేకియాలోని కోషిత్సేలో. క్రివీ రీహ్, తర్వాత కీవ్, ఆపైన సరిహద్దు అవతల.

2024 జూలైలో ఆ జట్టుకు కాన్ఫరెన్స్ లీగ్ అర్హత పోటీ పడింది, హంగరీకి చెందిన పుష్కాష్ అకాడెమియాతో. డబ్బుల్లేక, ఆటగాళ్ళు చెదిరిపోయి, ద్నిప్రో-1 పోటీ నుంచి తప్పుకుంది. సొంత దేశపు లీగ్ నుంచీ తప్పుకుంది. ఆ ఆట జరగనే లేదు.