రై సిండ్రోమ్: ఫ్లూ తగ్గాక వచ్చే ముప్పు

సిడ్నీలోని పిల్లల ఆస్పత్రిలో పాథాలజిస్టు డగ్లస్ రై 1951 నుంచి చనిపోయిన పిల్లల్లో ఒకే తీరు కాలేయాన్ని పదే పదే చూస్తూ వచ్చారు. కాస్త పెరిగి, గట్టిపడి, నిండు పసుపురంగులో ఉండేది. మైక్రోస్కోపు కింద పెడితే కణాల నిండా కొవ్వు చుక్కలే. మెదడు ఉబ్బి ఉండేది కానీ, మెదడువాపు వ్యాధిలో కనిపించే ఇన్ఫెక్షన్ జాడలు ఉండేవి కావు. 1963లో ఆయన ఇద్దరు సహచరులతో కలిసి 21 మంది పిల్లల వివరాలను ‘లాన్సెట్’లో ప్రచురించారు. వారిలో 17 మంది చనిపోయారు. అదే ఏడాది అమెరికాలో జార్జ్ జాన్సన్ బృందం నార్త్ కరోలినాలో ఇన్‌ఫ్లుయెంజా-బి ప్రబలినప్పుడు పిల్లల్లో ఇలాంటి జబ్బునే గుర్తించింది. పేరు మాత్రం రైదే నిలిచింది.

చాలా అరుదైన జబ్బే, కానీ వచ్చే తీరు దారుణం. ఫ్లూ గానీ ఆటలమ్మ గానీ తగ్గి, బిడ్డ కోలుకుంటున్నాడని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే వేళకు వాంతులు మొదలవుతాయి. ఎంతకీ ఆగవు. తర్వాత మగత, అయినదానికీ కానిదానికీ అరుపులు, తల్లినే గుర్తుపట్టకపోవడం, ఫిట్స్, కోమా. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతిని, కాలేయం పని కుంటుపడి, రక్తంలో అమోనియా పెరుగుతుంది. మెదడు ఉబ్బుతుంది.

అదే ఫ్లూ వచ్చి ఏమీ కాకుండా తేరుకున్న పిల్లలకూ వీళ్లకూ తేడా ఏమిటి? అరిజోనా, ఒహాయో, మిషిగన్ రాష్ట్రాల్లో పరిశోధకులు రెండు వర్గాల తల్లిదండ్రులనూ అడిగారు: జ్వరానికి ఏ మందు వేశారు? జబ్బుపడిన పిల్లల ఇళ్లలో ఆస్పిరిన్ పేరు మరీ ఎక్కువగా వినిపించింది. ప్రేమతో వేసిన మందు అది. ఆ తల్లుల తప్పేమీ లేదు.

1980లో అమెరికాలో 555 కేసులు నమోదయ్యాయి. ఆ ఏడాదే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ హెచ్చరించింది. ఆస్పిరిన్ కంపెనీలు మాత్రం రుజువులు చాలవంటూ అడ్డుపడ్డాయి. సీసా మీద హెచ్చరిక తప్పనిసరి అయ్యేసరికి 1986 వచ్చింది. ఆలస్యమైన ఆ ఏళ్లను క్షమించడం కష్టం. బ్రిటన్ కూడా అదే ఏడాది 12 ఏళ్లలోపు పిల్లలకు ఆస్పిరిన్ వద్దంది. తర్వాత ఆ హద్దును 16కు పెంచింది. అమెరికాలో 1994-97 మధ్య ఏడాదికి రెండు కేసులకు మించలేదు. ఆస్పిరిన్ ఈ జబ్బును సరిగ్గా ఎలా రగిలిస్తుందో పూర్తిగా తేలకముందే జబ్బు దాదాపు కనుమరుగైంది.

రక్తనాళాలు వాచే కవాసాకి జబ్బు వచ్చిన పిల్లలకు మాత్రం గుండె రక్తనాళాల కోసం డాక్టర్లు నేటికీ ఆస్పిరిన్ ఇవ్వాల్సి వస్తోంది. అలా ఎక్కువకాలం వాడాల్సిన పిల్లలకు ఫ్లూ టీకా తప్పకుండా వేయించమంటారు. ఇంట్లో ఎవరికైనా ఫ్లూ గానీ ఆటలమ్మ గానీ సోకితే వెంటనే డాక్టరుకు చెప్పాలి.