కంప్యూటర్‌కు రూటర్ కనిపించకపోతే...

రూటర్ దీపాలు వెలుగుతున్నా, కంప్యూటర్ చూపే వైఫై జాబితాలో దాని పేరు కనిపించకపోవచ్చు. ముందుగా మొబైల్‌లో చూడాలి. అందులోనూ లేకపోతే లోపం రూటర్‌దే: వైఫై ప్రసారం ఆగి ఉండవచ్చు, లేదా పేరును దాచే ఏర్పాటు అమలులో ఉండవచ్చు. మొబైల్‌లో కనిపిస్తే కంప్యూటర్‌ను పరీక్షించాలి. ఫ్లైట్ మోడ్ ఆన్‌లో ఉన్నదేమో చూడటం ఒక్క క్షణం పని.

పాత ల్యాప్‌టాప్‌లలో అసలు చిక్కు తరచుగా తరంగాలదే. వాటిలో అనేకం 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాలను మాత్రమే అందుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ శ్రేణిలో మన దేశం లైసెన్సు మినహాయింపును 2018లో విస్తరించింది. రూటర్‌ను ఆ శ్రేణికే పరిమితం చేస్తే పాత యంత్రానికి అది లేనట్లే. 2.4లోనూ ఇక్కడ 13 ఛానళ్లు వాడుకలో ఉండగా, అమెరికా నిబంధనల ప్రకారం అమర్చిన ల్యాప్‌టాప్ సాధారణంగా 11 వరకే వెదుకుతుంది. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన యంత్రమైతే ఈ అనుమానం ముందే రావాలి. రూటర్‌లో 1, 6, 11 ఛానళ్లలో ఒకదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. కొత్తది వైఫై 6 రూటర్ అయితే, కంప్యూటర్‌లోని వైఫై డ్రైవర్‌ను తాజా పరచాలి.

ఈ మార్పుల కోసం కంప్యూటర్‌ను కేబుల్‌తో రూటర్‌కు కలిపి, దాని అడుగున ముద్రించిన చిరునామాను బ్రౌజర్‌లో తెరవాలి. రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చడం మాత్రం చివరి మార్గం. అందులో భద్రపరిచిన బ్రాడ్‌బ్యాండ్ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోవచ్చు. పరీక్ష దరఖాస్తుకు గడువు ముగిసే రోజున అలా జరిగితే, వాటిని సేవా సంస్థ మళ్లీ ఇచ్చేదాకా ఇంట్లో మొబైల్ డేటాయే దిక్కు.