చెకుముకి

లేపాక్షి చుట్టుపక్కల చేల గట్ల మీద తెల్లగా మెరిసే పలుగురాయిని ఉక్కుముక్కతో గట్టిగా కొడితే రవ్వలు రాలతాయి. అలా నిప్పు పుట్టించే రాయే చెకుముకి. అచ్చ తెలుగులా వినిపిస్తుంది గానీ, ఇది తుర్కీ భాషల్లో పుట్టి పారసీ, హిందుస్తానీల మీదుగా వచ్చిన మాట. హిందీలో చక్మక్, పొరుగు కన్నడంలో చకమకి. నేటి టర్కీలో చక్మక్ అంటే లైటరే! జన విజ్ఞాన వేదిక తన పిల్లల పత్రికకు పెట్టుకున్న పేరూ చెకుముకే.

నిజానికి రవ్వ రాయిది కాదు, రాయి చెక్కిన ఇనుప రజను గాలిలో మండటం. రాయి గొప్పతనం వేరే ఉంది. పలుగురాతి స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. మన గ్యాస్ లైటర్‌ది ఆ సూత్రమే. లోపలి సుత్తి పింగాణీలాంటి ముక్కను టక్కున కొట్టగానే వేల వోల్టులు పుట్టి రవ్వ దూకుతుంది. వంటింటి చెకుముకి అన్నమాట.

అమెరికాలోని తెలుగిళ్లలో చాలా గ్యాస్ ఓవెన్లకు రవ్వతో పనిలేదు. గ్లోబార్ అనే సిలికాన్ కార్బైడ్ కడ్డీ కరెంటుకు కణకణలాడుతుంది. అది తగినంత కరెంటు లాగితేనే దానితో వరుసగా కలిపిన గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది. కొట్టేదేమీ లేదు కాబట్టి దీన్ని చెకుముకి అనలేం. కడ్డీ ఎర్రగా ఉన్నా ఓవెన్ అంటుకోకపోతే వాల్వును తిట్టకండి, ముందు కడ్డీని పరీక్ష చేయించండి.