ఊరికన్నా ముందు పుట్టిన వంతెన

సాధారణంగా ఊరు ముందు వెలుస్తుంది. ఆ తరువాత ఊరివారి అవసరం కొద్దీ ఏటిమీద వంతెన లేస్తుంది. మన భాగ్యనగరం విషయంలో ఈ క్రమం తలక్రిందులయింది. మూసీనదిపై పురానా పుల్ 1578లో పూర్తయితే, నగరానికి పునాది పడినది 1591లో. అంటే వంతెన నగరానికి పదమూడేండ్లు పెద్ద. ఇంత చిన్న లెక్క నాకెంత ఆలస్యంగా తలకెక్కినదో, ఎవరి మూలంగా ఎక్కినదో చెప్పుకోవడానికే ఈ టపా.

తెలుగు పండితుడిగా పనిచేసిన కాలంలో ఏటా ఒకసారి పిల్లలను పాతనగరం చూపించడానికి తీసుకువెళ్ళేవాణ్ణి. పురానా పుల్ మీద నిలబెట్టి కథ చెప్పేవాణ్ణి. యువరాజు మహమ్మద్ కులీ అవతలి గట్టున ఉన్న భాగమతిని వలచాడనీ, వరదపొంగులో గుర్రాన్ని ఏట్లోకి దూకించాడనీ, కొడుకు ప్రాణానికి బెదరిన ఇబ్రహీం కుతుబ్ షా ఈ వంతెన కట్టించాడనీ వర్ణించేవాణ్ణి. శృంగారం పాలు తగ్గించి వరద వర్ణన పెంచితే పిల్లలు కదలకుండా వినేవారు.

ఒక ఏడు తొమ్మిదో తరగతి అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, అప్పటికి ఆ యువరాజుకు ఎన్నేండ్లు?"

"రేపు చెబుతానమ్మా" అన్నాను.

ఆ రాత్రి పుస్తకాలు తిరగేశాను. మహమ్మద్ కులీ పుట్టినది 1565లో అని కొందరు, 1566లో అని కొందరు వ్రాశారు. ఏదైనా, వంతెన పూర్తయ్యేనాటికి అతనికి పన్నెండో పదమూడో. ప్రశ్న అడిగిన పిల్లకంటె చిన్నవాడు! మరునాడు తరగతిలో నేనా మాట ఎత్తలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. పిల్లలు ఒకసారి అడిగి ఊరుకున్నారంటే మరచిపోయారని కాదు, మనల్ని కొలిచేశారని అర్థం. ఈ సంగతి ఉపాధ్యాయులందరికీ తెలిసినదే.

వంతెనకు అసలు కారణం ఇంత రసవంతమైనది కాదు. గోలకొండ కోట జనంతో ఇరుకవుతున్న రోజులవి. నదికి దక్షిణాన విశాలమైన నేల ఉన్నది. అవతలికి ఏ కాలంలోనైనా దాటగల మార్గం కావాలి. హుస్సేన్ సాగర్ చెరువు కూడా ఇబ్రహీం కాలపు నిర్మాణమే. నీటిని నిలపడం, నీటిని దాటడం రెండూ తెలిసిన ప్రభువు. 22 కమానులతో సుమారు 600 అడుగుల పొడవున రాతి వంతెన లేచింది. 1580లో రాజైన కొడుకు, పదకొండేండ్ల తరువాత ఆ దక్షిణపు గట్టుననే చార్మినారు కేంద్రంగా కొత్త నగరం కట్టాడు. దాటే దారి ముందే ఉండబట్టే అది సాధ్యమైంది.

ఈ ఇబ్రహీం మన కావ్యాలలోని మల్కిభరాముడే. రాజ్యానికి రాకముందు ఏడేండ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉండి తెలుగు రుచి మరిగినవాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చినది ఇతనికే. తొలి అచ్చతెనుగు కావ్యమైన యయాతిచరిత్రను పొన్నెగంటి తెలగన అంకితమిచ్చినదీ ఇతని సరదారు అమీన్ ఖానుకే. ఇంత నిజమైన కథ చేతిలో ఉండగా లేని గుర్రాన్ని ఏట్లోకి దూకించాను.

పదిహేడవ శతాబ్దిలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఈ వంతెనను చూచి, అందంలో తమ పారిస్‌లోని పోన్ నఫ్‌కు ఏమంత తీసిపోదని వ్రాసుకున్నాడు. ఆ మాటకు 'కొత్త వంతెన' అని అర్థం. దానికి శంకుస్థాపన జరిగినదీ 1578లోనే! ఈనాడు పారిస్‌లో నిలిచి ఉన్న వంతెనలలో అదే అన్నిటికన్నా పాతది, అయినా పేరు మాత్రం కొత్తది. దాని ఈడుదైన మనది పాతది అనే పేరుతోనే బతుకుతున్నది.

తరువాత మూసీపై మరిన్ని వంతెనలు వచ్చాయి. 1831లో ఆంగ్లేయ సేనాని ఆలిఫెంట్ పేరిట చాదర్‌ఘాట్ వంతెన, అఫ్జలుద్దౌలా ఏలుబడిలో నయాపుల్, ఆపైన ముసల్లం జంగ్ పుల్. 1908 సెప్టెంబరు 28న మూసీ విరుచుకుపడింది. వేలాదిమంది కొట్టుకుపోయారు. ఈనాటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. ఉర్దూ కవి అమ్జద్ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ వరదలో పోగొట్టుకొని ఒంటరిగా మిగిలాడు. తరువాత వచ్చిన మూడు వంతెనలూ దెబ్బతిన్నాయి. పురానా పుల్ మాత్రం రెండు గట్లనూ కలుపుతూ నిలిచింది. ఆ విపత్తు తరువాతనే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించడం, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తికావడం జరిగాయి. అయినా 2025 సెప్టెంబరులో నీరు మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోకి వచ్చింది. నది తన చోటు మరచిపోదు.

మొన్న మళ్ళీ వెళ్ళాను. వాహనాలు ప్రక్కనున్న కొత్త వంతెనమీదుగా పోతున్నాయి. పాత వంతెనమీద కూరగాయల బేరాలు సాగుతున్నాయి. రాళ్ళ సందుల్లో రావిమొక్కలు మొలిచాయి. కట్టినవాని పేరు చెబితే, తోటకూర అమ్ముతున్న అవ్వ "ఎవరైతేనేం బిడ్డా, కూలకుండ కట్టిండు" అన్నది. ఏ కావ్యంలోని రాజస్తుతీ ఇంతకన్న గొప్పగా లేదు.

ఆ అమ్మాయి ఇప్పుడెక్కడున్నదో తెలియదు. ఆ మరుసటి ఏటినుంచి పిల్లలకు కథ చెప్పి, వెంటనే లెక్కా చెప్పేవాణ్ణి. కానీ అడిగినదానికి మాత్రం జవాబు బాకీ పడిపోయింది. పన్నెండో పదమూడో అమ్మా. నీ ప్రశ్న సరియైనది, నా కథే తప్పు.

మిత్రులారా, మీ ఊళ్ళలోనూ ఇటువంటి పాత వంతెనలుంటాయి. వాటి కథలతోబాటు వాటి వయసు కూడా వ్రాయండి.