తిరుమలగిరి కోట: మన పక్కనే ఒక సరిహద్దు గోడ

హైస్కూల్లో ప్రపంచ చరిత్ర పాఠంలో హాడ్రియన్ గోడ గురించి చదువుకున్నాం. రోమన్ చక్రవర్తి హాడ్రియన్ క్రీ.శ. 122లో బ్రిటన్ ఉత్తర సరిహద్దున మొదలుపెట్టించిన గోడ అది. ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా దాదాపు 117 కిలోమీటర్లు. పరీక్షలో రాశాం, మర్చిపోయాం. అలాంటి ఆలోచనతోనే కట్టిన గోడ మన కార్ఖానాకు దగ్గర్లోనే ఉందని అప్పట్లో మాకు తోచలేదు.

అదే తిరుమలగిరి ఎంట్రెంచ్‌మెంట్. దాని కథ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1798 ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీ సైన్యం నిజాం రాజ్యంలో స్థిరపడింది. హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన వెలసిన ఆ దండు 1806లో మూడో నిజాం సికందర్ జా పేరుతో సికింద్రాబాద్ అయింది. తర్వాత యాభై ఏళ్లకు సిపాయిల తిరుగుబాటు. 1857 జులై 17న మౌల్వీ అల్లావుద్దీన్, తుర్రెబాజ్ ఖాన్‌ల నాయకత్వంలో రోహిల్లాలు కోఠీలోని రెసిడెన్సీపై దాడి చేశారు. దాడి విఫలమైంది. తుర్రెబాజ్ ఖాన్‌ను కాల్చి చంపారు, మౌల్వీని అండమాన్‌కు పంపారు. కానీ తెల్లవారి గుండెల్లో భయం మాత్రం పోలేదు.

ఆ భయమే 1860ల్లో తిరుమలగిరిలో రూపం కట్టింది. చుట్టూ లోతైన కందకం, రాతి కట్టుతో మట్టి గోడ, ఫిరంగుల కోసం బురుజులు. లోపల తెల్ల సిపాయిల బారకాసులు, ఆసుపత్రి, ఆయుధాలు, తిండి నిల్వలు. మళ్లీ తిరుగుబాటు వస్తే తలదాచుకోవడానికన్నమాట.

మరి మనవాళ్లు? కార్ఖానా అంటే పనిశాల. దండును నమ్ముకుని వచ్చిన దోభీలు, దర్జీలు, వంటవాళ్లు, కాంట్రాక్టర్లు, తెలుగు, తమిళం, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు చుట్టుపక్కల బజార్లలో స్థిరపడ్డాయి. పొద్దున్న లోపలికి వెళ్లి పని చేసేవారు. ఆపద వస్తే తలుపులు మూసేది మాత్రం వాళ్లను బయటే ఉంచి. మనలో చాలామంది ఆ బయటివాళ్ల మనవలమే.

తిరుమలగిరి కోటపై ఏ దాడీ జరగలేదు. 1947లో తెల్లవారు వెళ్లిపోయారు. ఆ ప్రాంతం నేడు మన సైన్యం చేతుల్లో ఉంది.

రోమన్ గోడ రాళ్లను రైతులు ఇళ్లకు, పశువుల దొడ్లకు పట్టుకుపోయారు. 18వ శతాబ్దంలో దాని మీదుగానే ఒక సైనిక రోడ్డు వేశారు. అయినా మిగిలినదాన్ని కాపాడుకున్నారు. 1987లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది. మన గోడకు అంత పేరు రాకపోవచ్చు. కానీ దాని నీడన బతికినవారి జ్ఞాపకాలు మన ఇళ్లలోనే ఉన్నాయి.

ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో పూర్వ విద్యార్థులకు నా మనవి ఒక్కటే. తాతలు, అమ్మమ్మలు చెప్పిన దండు కబుర్లు రెండు పేజీలైనా రాసి మన బడి లైబ్రరీకి ఇవ్వండి. గోడ లోపలి చరిత్రను తెల్లవారు రాసిపెట్టుకున్నారు. బయటి చరిత్ర మనమే రాయాలి.