ఎర
తెలుగులో 'ఎర' అంటే జంతువు తినే ఆహారం, గాలానికి గుచ్చే మేత. కన్నడిగులు వానపామును 'ఎరెహుళు' అంటారు, తెలుగు పల్లెల్లో 'ఎర్ర' అన్నా వానపామే. 1949లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఏక్రన్ నగరంలో నిక్ క్రీమ్ వినైల్‌ను అచ్చులో పోసి మెత్తని ప్లాస్టిక్ వానపామును గాలపు ఎరగా తయారుచేయడంతో ఈ రెండర్థాలూ మళ్లీ కలిశాయనవచ్చు. ఇలాంటి మెత్తని ఎరతో బాస్ చేపలను పట్టే 'డ్రాప్ షాట్' పద్ధతిలో బరువు దారం కొసన ఉండి నీటి అడుగును తాకుతుంది, గాలం దానికి జానెడో మూరెడో పైన ఉంటుంది. ఎర నీటి నడుమ వేలాడుతుంది కనుక, సన్నని తోక గలదాన్ని ఎంచుకుని ముక్కు దగ్గర మాత్రమే గుచ్చితే, దారం కాస్త వణికినా అది బతికున్నట్టు ఆడుతుంది. తేట నీటికి సహజమైన రంగులు నప్పుతాయి. 'ఎర వేయడం' అనే నుడికారం మాత్రం నేటి పత్రికల్లో చేపలకన్నా ఓటర్ల విషయంలోనే ఎక్కువగా కనిపిస్తుంది.