వీడియో గేములు: నాడు, నేడు

వీడియో గేములలో పాతవి మేలా, కొత్తవి మేలా అన్న ప్రశ్న తలెత్తినప్పుడు ఒక తరం తన బాల్యాన్ని, మరొక తరం తన చేతిలోని ఫోనును సాక్ష్యంగా చూపుతుంది. ఆరు దశాబ్దాలకు పైబడిన చరిత్ర గల ఈ వినోదరూపాన్ని కేవలం అభిరుచుల తగవుగా విడిచిపెట్టడం సమంజసం కాదు. రూపకర్తకు లభించిన సాధన సామగ్రి ఏమిటి, ఆటపై పెట్టిన పెట్టుబడి ఎలా తిరిగివచ్చింది, చివరకు ఆ ఆట ఎవరి వశంలో నిలిచింది అన్న మూడు విషయాలను వరుసగా పరిశీలిస్తే నాటికీ నేటికీ గల భేదం స్పష్టమవుతుంది.

ఈ ఆటల తొలిదశ ప్రయోగశాలలలో గడిచింది. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త సందర్శకుల వినోదం కోసం ఆసిలోస్కోప్ తెరపై టెన్నిస్ ఆటను రూపొందించాడు. 1962లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు పీడీపీ-1 కంప్యూటర్ కోసం ‘స్పేస్‌వార్’ అనే అంతరిక్ష యుద్ధక్రీడను తయారుచేశారు. అది అమ్మకపు సరుకు కాదు. ఒక ప్రయోగశాల నుంచి మరొక ప్రయోగశాలకు చేతులు మారుతూ వ్యాపించింది. 1972లో రాల్ఫ్ బేర్ రూపకల్పన ఆధారంగా మాగ్నవాక్స్ సంస్థ ‘ఒడిస్సీ’ని ఇళ్లలోని టెలివిజన్లకు చేర్చింది. అదే సంవత్సరం అటారీ సంస్థ ‘పాంగ్’ను నాణెం వేసి ఆడే యంత్రంగా ప్రవేశపెట్టింది. ప్రయోగశాలల వినోదం అక్కడి నుంచి వ్యాపారంగా మారింది.

నాటి రూపకర్తల సామగ్రి ఎంత పరిమితమో నేడు ఊహించడం కష్టం. 1977లో వెలువడిన అటారీ 2600 యంత్రంలో ఆట నడుస్తున్నంతసేపూ వాడుకోదగిన స్మృతి 128 బైట్లు మాత్రమే. నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపి చిహ్నం ఒక్కొక్కటి 3 బైట్లు ఆక్రమిస్తుంది కనుక, ఆ స్మృతిలో 42 చిహ్నాలకు మించి, అంటే ఒక చిన్న వాక్యానికి మించి, పట్టదు. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ యావత్తూ 40 కిలోబైట్లలో ఇమిడింది. చోటు ఆదా చేయడానికి అందులో మేఘానికీ పొదకూ ఒకే బొమ్మను వాడి, రంగు మాత్రం మార్చారు.

ఇటువంటి పరిమితులే కొన్ని సందర్భాలలో కొత్త ఊహలకు దారితీశాయి. 1978లో జపాన్‌లో తొమొహిరో నిషికాదో రూపొందించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవారి వేగం పెరుగుతుంది. మొదట ఇది అనుకొని చేసిన ఏర్పాటు కాదు. గీయవలసిన బొమ్మలు తగ్గేకొద్దీ యంత్రంపై భారం తగ్గి, మిగిలినవి త్వరగా కదిలాయి. ఆ లక్షణాన్ని తొలగించక ఆటలో భాగంగా ఉంచడంలోనే రూపకర్త ప్రతిభ కనిపిస్తుంది. మాస్కోలోని సోవియట్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో 1980ల నడుమ అలెక్సీ పజిత్నోవ్ రచించిన ‘టెట్రిస్’ తొలిరూపంలో బొమ్మలే లేవు. ఎలెక్ట్రానికా-60 యంత్రం బొమ్మలు గీయలేదు కనుక అక్షర చిహ్నాలతోనే దిమ్మెలను చూపించాడు. నియమం బలమైనదైతే అలంకారం లేకపోయినా ఆట నిలుస్తుందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

అయితే గతమంతా స్వర్ణయుగమని భావించడం పొరపాటు. నాణెపు యంత్రాలలో కాఠిన్యం చాలావరకు కళావసరం కాదు, వ్యాపారావసరం. ఆటగాడు త్వరగా ఓడితేనే మరొక నాణెం పడుతుంది. నాసిరకం ఆటలు వెల్లువెత్తి 1983లో అమెరికా విపణి కుప్పకూలింది. అమ్ముడుపోని అటారీ క్యాసెట్లను న్యూమెక్సికోలోని అలమగోర్డో చెత్తదిబ్బలో పూడ్చివేశారు. 2014లో జరిపిన తవ్వకంలో అవి మళ్లీ బయటపడ్డాయి. కాలం నాసిరకాన్ని మరుగుపరచి మేలైనవాటినే జ్ఞాపకంలో ఉంచుతుంది. పాత ఆటల కీర్తిలో కొంత భాగం ఈ వడపోతకే దక్కాలి.

సామగ్రి పెరిగిన తరువాత కథావస్తువు కూడా విస్తరించింది. పోలెండ్‌కు చెందిన ఒక సంస్థ 2014లో వెలువరించిన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’లో ఆటగాడు సైనికుడు కాదు, ముట్టడిలో చిక్కిన నగరంలో ఆహారం, మందులు వెదుక్కునే సామాన్య పౌరుడు. సరజెవో ముట్టడి దానికి ప్రేరణ. 2020లో పోలెండ్ ప్రభుత్వం ఆ ఆటను విద్యార్థులకు సూచించే పఠనీయాల జాబితాలో చేర్చనున్నట్లు ప్రకటించింది. అదే సంవత్సరం పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ ‘రాజీ: యాన్ ఏన్షెంట్ ఎపిక్’ను విడుదల చేసి, భారతీయ పురాణ వస్తువునూ పహాడీ చిత్రకళా ఛాయలనూ ఈ మాధ్యమంలోకి తెచ్చింది. చూపు, వినికిడి, చేతుల కదలిక పరిమితంగా గలవారి కోసం 2020 నాటి ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ టూ’ 60కి పైగా సదుపాయాలను కల్పించింది. పాత యంత్రాలు ఇటువంటివారిని దాదాపు పట్టించుకోలేదు. కథావస్తువు విషయంలోనూ, అందరినీ కలుపుకొనిపోవడంలోనూ నేటి ఆటలు ముందంజ వేశాయని అంగీకరించవలసిందే.

రాబడి విషయానికి వస్తే నాటి లోభానికీ నేటి లోభానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పాత యంత్రం డబ్బు కోసం ఆటను త్వరగా ముగించేది. నేటి ఉచిత ఆటలు అనేకం అదే డబ్బు కోసం ఆటను ముగియనివ్వవు. రోజువారీ బహుమతులు, లోపల ఏముందో తెలియని పెట్టెల కొనుగోలు ఇందుకు సాధనాలయ్యాయి. డబ్బు చెల్లించి తెరిచే అటువంటి పెట్టెలు జూదపు చట్టాల పరిధిలోకి వస్తాయని 2018లో బెల్జియం నిర్ణయించింది. అదుపు తప్పిన ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఒకవైపు ఈ-క్రీడలకు గుర్తింపునిస్తూ, మరొకవైపు డబ్బు పణంగా పెట్టే ఆటలను నిషేధించింది.

మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది, ఆట ఎవరి వశంలో ఉన్నదన్న విషయం. టెట్రిస్ 1989 నాటి నింటెండో రూపాన్ని 2023 డిసెంబరులో 13 ఏళ్ల అమెరికన్ బాలుడొకడు యంత్రమే స్తంభించిపోయేంత దూరం ఆడాడు. విడుదలైన 34 ఏళ్లకు ఒక బాలుడు ఆ హద్దును చేరగలగడానికి కారణం, ఆట సమస్తం ఆ చిన్న పెట్టెలోనే ఉండటం. ఇందుకు భిన్నంగా యూబీసాఫ్ట్ సంస్థ 2014లో విడుదల చేసిన ‘ది క్రూ’ అనే కార్ల పందెపు ఆట సంస్థ సర్వర్లతో అనుసంధానం లేనిదే నడవదు. 2024 మార్చి 31న ఆ సర్వర్లను ఆపివేయడంతో, కొన్నవారి ఇంట్లో డిస్కు మిగిలింది, ఆట మిగలలేదు. దీనిపై యూరప్‌లో మొదలైన పౌర వినతికి 2025 జులైలో సంతకాలు పది లక్షలు దాటాయి. డిజిటల్ రూపంలో అమ్మేది యాజమాన్యం కాదని, అనుమతి మాత్రమేనని కొనుగోలుదారుకు స్పష్టంగా తెలపాలని నిర్దేశించే కాలిఫోర్నియా చట్టం 2025 జనవరి 1న అమలులోకి వచ్చింది.

తెలుగునాట అష్టాచెమ్మా, పులిజూదం, వైకుంఠపాళి తరతరాలుగా నిలవడానికి వాటి నియమాలు జనుల నోట ఉండటమే కారణం. సుద్దముక్కతో అరుగుమీద నాలుగు గీతలు గీసుకుంటే చాలు, ఎవరి అనుమతీ అవసరం లేకుండా ఆట మొదలవుతుంది. వీడియో గేములో నియమం ప్రోగ్రాములో దాగి ఉంటుంది. ప్రోగ్రాము పోతే నియమం పోతుంది, దానితో ఆటా పోతుంది. పాత ఆటలు సైతం సురక్షితమని చెప్పడానికి వీలులేదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటలలో 87 శాతం నేడు విపణిలో లభించడం లేదని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించింది. కాగా, న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 2012లోనే 14 ఆటలను తన సేకరణలో చేర్చుకొని ఒక మార్గం చూపింది.

ఈ విషయంలో భారతీయ చలనచిత్ర చరిత్ర నేర్పిన పాఠం గమనార్హం. 1931లో వెలువడిన తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ ప్రతి ఒక్కటీ నేడు లభ్యం కావడం లేదు. పుణేలో జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో నెలకొనేనాటికి ఎన్నో మూకీలు, తొలినాటి టాకీలు నశించిపోయాయి. పుస్తకాల విషయంలో ప్రచురణకర్తలు నిర్దిష్ట గ్రంథాలయాలకు ప్రతులు అందజేయాలని 1954 నాటి చట్టం విధించింది. ప్రతి సర్వర్లలోనే ఉండే ఆటకు ఇటువంటి ఏర్పాటు మరింత అవసరం. ఆటను నిలిపివేసేముందు ప్రోగ్రామునూ, దానిని నడిపే సామగ్రినీ ఒక ప్రజాసంస్థకు అప్పగించే పద్ధతి ఏర్పడితే నేటి రూపకర్తల శ్రమ చరిత్రలో నిలుస్తుంది.

వస్తు వైవిధ్యంలో నేటి ఆటలు గొప్పవి. కొన్నవాని చేతిలో పూర్తిగా నిలవడంలో పాతవి మేలైనవి. ఏవి ఉత్తమమో తుది తీర్పు చెప్పవలసినది రాబోయే తరాలు. వారికి రెండు కాలాల ఆటలనూ ఆడి చూసే అవకాశం కల్పించడం ఈ తరం బాధ్యత.